నొప్పికి మొదలు వెతికిన అన్న

మా పక్క గది అన్న పోయాడని మంగళవారం పొద్దున ఆయన కోడలు ఫోన్‌లో చెప్పింది. గోడ అవతలే ఉండి ఫోన్ చేసింది. వాళ్లింటికి ఎవరూ పోకూడదని తలుపు మీద కాగితం అంటించి ఉంది. దవాఖాన నుంచి అటే కాటికి తీసుకుపోయారట. ముఖం కూడా చూడలేదు. ఈ నాలుగు మాటలైనా రాయకపోతే నా మనసు ఊరుకోదు.

తోడబుట్టినవాడు కాదు. మా జిల్లావాడే, సూరత్ వచ్చినప్పటి నుంచి వడోద్ బస్తీలో ఒకే వరుస గదుల్లో ఉన్నాం. బట్టల కార్ఖానాలో ఆయన పని, మగ్గం మీద పోగులు చుట్టి ఉండే భీము అయిపోతే, దాని కొసలకు కొత్త భీము పోగులు ఒక్కొక్కటే ముడివేయడం. వేల పోగులు. ఒక్కటి తప్పినా బట్టలో గీత పడుతుంది. మాట్లాడుతున్నప్పుడు కూడా బొటనవేలు, చూపుడువేలు రుద్దుకుంటూనే ఉండేవాడు.

పోయిన ఏడాది, కరోనాకు అన్నీ మూసేసిన రోజుల్లో, నా ఎడమ భుజంలో నొప్పి మొదలైంది. భుజం నుంచి మోచేతికి, అక్కడి నుంచి బొటనవేలికి నిప్పు పాకినట్టు ఉండేది. ఎడమ చెయ్యి కాబట్టి గుండె అనుకున్నాను. వేలు మొద్దుబారితే పక్షవాతం అనుకున్నాను. ఒళ్లు నొప్పులంటే చాలు, దవాఖాన బండి వచ్చి తీసుకుపోతుందని గల్లీలో అందరూ చెప్పుకునేవారు. పోయినవాళ్లు తిరిగి వస్తారో రారో. అందుకే కొడుకుకు కూడా చెప్పకుండా, కొంగు నోట్లో కుక్కుకుని ఓర్చుకున్నాను.

అన్న కనిపెట్టాడు. నేను ఒంటి చేత్తో తడి చీర పిండుతుంటే గడప మీద కూర్చుని చూశాడు.

"ఏంది చెల్లె, ఎడమ చెయ్యికి సెలవిచ్చినవా?"

"ఏం లేదన్నా, జర బెణికింది."

"నెల సంది చూస్తున్న. గంత పొడుగు బెణుకుంటదా?"

నాకు ఏడుపొచ్చింది. "భయమైతుందన్నా. పెద్ద రోగమంటే ఎట్ల?"

"భయముంటే ఉండనీ. దాన్ని గూడ ఎంబడి తోల్కపోదాం."

మొదటి డాక్టరు దగ్గర పని చెడగొట్టింది నేనే. అన్న బయట ఉన్నాడు. ఎక్కువ చెబితే ఎక్కడికి పంపుతాడోనని భుజం ఒక్కటే చూపించాను. పూతమందు ఇచ్చాడు. రెండు నెలలు పూశాను. చివరికి చేతిలోంచి చాయ్ గ్లాసు జారిపోయింది. అప్పుడు అన్నకు నిజం చెప్పాను. తిట్టలేదు.

"గీత బట్టల కనవడ్తది గని తప్పు ఆడ ఉండదు చెల్లె. పోగు వట్టుకొని ఎన్కకు పోవాలె. నీ నొప్పి కొస ఏడుంది?"

బొటనవేలు చూపించాను. అక్కడి నుంచి కుడిచేతి వేలితో వెనక్కి రమ్మన్నాడు. మోచెయ్యి, భుజం దాటి నా వేలు మెడ వెనక ఆగింది. ఎప్పుడూ అక్కడ చెయ్యి పెట్టి చూసుకోలేదు.

రెండో డాక్టరుకు అంతా అట్లాగే చూపించాను, వచ్చీరాని హిందీలో. అన్న తలుపు దగ్గర నిలబడి తలూపుతున్నాడు. డాక్టరు నా మెడ పక్కకు వంచి నొక్కగానే వేలిదాకా కరెంటు కొట్టింది. మెడకు పెద్ద మిషన్‌లో ఫోటో తీయించమన్నాడు. ఆ రిపోర్టు వచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు.

"పేరు చెప్పకుండ మందిస్తే చాలన్నా," అన్నాను.

"పేరు తెల్వని రోగమే పెద్దది. పేరు తెలిస్తే అండ్ల సగం తగ్గుతది."

మెడ ఎముకల మధ్య నరం నొక్కుకుపోయిందట. గుండె కాదు, పక్షవాతం కాదు. మందులు ఇచ్చి, రోజూ చెయ్యి ఎత్తి దించమన్నారు.

అంత చెప్పిన అన్న, ఈ ఏడాది ఆ జబ్బు మళ్లీ వచ్చినప్పుడు, తన దగ్గును నాలుగు రోజులు దాచాడు. బండి భయం ఆయనకూ ఉందని నేను అనుకోలేదు. గోడలోంచి వినబడుతూనే ఉంది. భయపడి కిటికీ మూసుకున్నాను. ఏందన్నా అని ఒక్క మాట అడగలేదు.

బండి వచ్చినప్పుడు నన్ను దగ్గరికి పోనివ్వలేదు. ఏం చెయ్యాలో తెలియక, దూరం నుంచే ఎడమ చెయ్యి ఎత్తాను. భుజం దాకా లేచింది. లోపల కూర్చున్న అన్న నా ముఖం చూడలేదు, ఆ చెయ్యినే చూశాడు. ఆయాసంతో మాట రాలేదు. అరచెయ్యి వెల్లకిలా తిప్పి, ఇంకా పైకి, ఇంకా పైకి అని చూపిస్తూనే ఉన్నాడు, బండి తలుపు మూసేదాకా.