గోడల్లేని ఇంటి గడప

మొన్న మధ్యాహ్నం అన్నం తిని కూర్చుంటే టీవీలో అమెరికాలో ఏదో పెద్ద పట్నం చూపిస్తున్నారు. అద్దాల మేడలు, వాటి కింద కాలిబాట పొడుగునా గుడారాలు. ఇల్లు లేనివాళ్లట. అంత డబ్బున్న దేశంలో ఇల్లు లేకపోవడమేమిటని మా మనవరాలు నోరు తెరిచింది. కోట్లు తొడుక్కున్న ఇద్దరు పెద్దమనుషులు కారణాలు చెబుతున్నారు. బాడుగలు పెరిగిపోయాయని ఒకాయన, తాగుడు వల్లనని ఇంకొకాయన, చివరికి మీ పార్టీ వల్లనంటే మీ పార్టీ వల్లనని ఇద్దరూ. నా చూపు మాత్రం ఒక గుడారం ముందర ఆగిపోయింది. ఎవరో ఆడమనిషి గుడారం ముందు కాళ్లు తుడుచుకునే పట్ట పరిచి, చెప్పులు బయట జతగా విడిచిపెట్టింది. ఆమెను అక్కణ్ణుంచి లేపడానికి వచ్చిన మనిషి ఆ పట్టను తొక్కకుండా పక్కన నిలబడి మాట్లాడుతున్నాడు. అది చూడగానే నా అరికాళ్లు చల్లబడ్డాయి. ఫ్యాను గాలి ఎక్కువైందనుకుని మా మనవరాలు తగ్గించింది, పాపం.

నేను బళ్లారికి కోడలిగా వచ్చిన కొత్త. రాష్ట్రాలు విడగొట్టి, బళ్లారిని మద్రాసు నుంచి తీసి మైసూరులో కలిపి ఎంతో కాలం కాలేదు. మా అత్తవారికి బజారులో బట్టల అంగడి ఉండేది. ఇల్లు మాత్రం బజారు అయిపోయి కంటోన్మెంట్ మొదలయ్యే చోట, మట్టిమిద్దె. మిద్దె మీద సండిగెలు, అదే వడియాలు, ఎండబెట్టి కాకులు తోలడం కొత్త కోడలి ఉద్యోగం. బళ్లారి ఎండకి సండిగెలూ ఎండుతాయి, కోడళ్లూ ఎండుతారు. అక్కడి నుంచి చూస్తే తెల్లదొరల నాటి బ్యారెక్కులు, వాటికీ మా మిద్దెకీ నడుమ ఒక బయలు కనబడేవి. ఆ బయల్లో ఒక ద్వారబంధం నిలబడి ఉండేది. ఒట్టి ద్వారబంధం. గోడ లేదు, కప్పు లేదు, తలుపు కూడా లేదు. కింద పసుపు రాసిన గడప, పైన చెక్కిన పూలు, మిగతాదంతా ఎండే. మొదటిసారి చూసినప్పుడు ఎవరో ఇల్లు కడుతున్నారేమో, రేపో మాపో గోడలు లేస్తాయనుకున్నాను. నా పిచ్చి గానీ, లేవలేదు.

అది ఒక ముసలమ్మది. డ్యాము కట్టినప్పుడు మునిగిపోయిన ఊళ్లలో ఆమె ఊరొకటి. నీళ్లు వీధిలోకి వచ్చేదాకా కదలక, ఆఖరికి ద్వారబంధం పెరికించి బండి మీద వేసుకుని వచ్చిందట. పట్టా ఉన్నవాళ్లకు పరిహారం ముట్టింది. ఈమె ఇల్లు రెడ్ల జాగాలో ఉండేది కాబట్టి ఆ జాగాకు రావలసింది రెడ్లకు వచ్చింది, ఈమెకు ద్వారబంధం మిగిలింది. అర్జీ పట్టుకుని పోతే, మద్రాసు కాలం నాటి సంగతి మాకు తెలియదని ఈ ఆఫీసువాళ్లు, మీరిప్పుడు మైసూరు మనుషులు మాకేం సంబంధమని ఆ ఆఫీసువాళ్లు. "ఏరు యాడుండేది ఆడ్నే ఉండాది తల్లీ. మేమే ఏ రాజ్జెమోళ్లమో తెలీకుండా పోయినాం" అని ఆమె నవ్వేది. ఇక మా బజారు పెద్దల సంగతి చెప్పాలా? మా మామగారు పొద్దున ఆ ముసలమ్మ వాళ్లకు గంజి పోయించేవారు, సాయంత్రం వాళ్లను అక్కణ్ణుంచి లేపమని రాసిన అర్జీ మీద చేవ్రాలు చేసేవారు. రెండూ మనస్ఫూర్తిగానే చేసేవారు. టీవీలో ఆ కోట్లాయనలను చూస్తే నాకు ఆయనే గుర్తొచ్చారు.

ముసలమ్మ కొడుకు సండూరు గనుల్లో మన్ను మోసే పనికి పోయాడు. ఆమె, నెలలు నిండుతున్న కోడలు, ఒక కుక్క, ఇంతే ఆ సంసారం. నాలుగు దిక్కులా తెరిపిగా ఉన్నా వాళ్లు ఎప్పుడూ పక్క నుంచి నడిచేవాళ్లు కారు. బిందెతో నీళ్లు తెచ్చినా, చెంబు పట్టుకుని బయటికి పోయినా తల వంచి ఆ ద్వారబంధంలోంచే పోయి, అందులోంచే వచ్చేవాళ్లు. ముసలమ్మ ఎక్కడైతే గోడ అనుకుందో అక్కడికి వచ్చి ఆగి, మళ్లేది. కుక్క కూడా గడప బయట కూర్చుని, రమ్మంటేనే లోపలికి వచ్చేది. పట్టపగలు, మండే ఎండలో, మిద్దె మీద నుంచి ఇదంతా చూస్తూ ఉంటే నాకు కాసేపటికి వాళ్లకు కనబడే గోడలు నాకే కనబడ్డం లేదేమో అనిపించేది. కాకులు సండిగెలు తినిపోయిన రోజులు చాలా ఉన్నాయి.

మా అత్తకు ఆ వాకిలంటే హడలు. "అట్ల సూడొద్దే! ఇల్లు లేకుండా వాకిలి నిలబెట్టి పసుపు కుంకం పెడితే ఊరికే ఉంటాదా? పిలిచినట్టే గదా. ఎవురో ఒకరు వచ్చి కాపురముంటారు" అనేది. "ఎవరొస్తారత్తా?" అంటే, "నీళ్లల్లో ఉండిపోయినోళ్లు" అని చెప్పి, ఆ మాట అన్నందుకు తనే చెంపలు వేసుకునేది. అయినా మళ్లీ అటే చూసేదాన్ని. వద్దన్నది చూడ్డానికి కాకపోతే ఆ వయసెందుకు?

ఒకరోజు గంజి పోసే మనిషి రాలేదు. అత్త సణుగుతూనే చెంబు నా చేతికిచ్చి, గడప బయటే పెట్టి రమ్మంది. నేను పెట్టబోతే ముసలమ్మ, "శెట్టోళ్ల కోడలా, వాకిట్లోనే నిలబడ్తావేందమ్మా, లోపలికి రా" అంది. పెద్దామె పిలిస్తే కాదనలేను కదా. తల వంచి గడప దాటాను. దాటగానే బజారు చప్పుడు ఆగిపోయింది. జట్కాల గంటలు, లారీల హారన్లు, తూకాలవాళ్ల కేకలు, అన్నీ. తలుపు మూస్తే ఇంట్లో ఎంత నిమ్మళంగా ఉంటుందో అంత నిమ్మళం. ఏటి ఒండ్రు వాసన వచ్చింది. పైన సూర్యుడు అలాగే ఉన్నాడు, కాని వేడి లేదు. నేను భయంతో బయటికి వచ్చేశాను. వెంటనే హారన్లన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. గడప మీద చెయ్యి వేసి చూస్తే తడిగా ఉంది. వీధిలో కుళాయిలు ఎండిపోయిన కాలమది.

"అది ఆరదమ్మా. డ్యాములో నీళ్లు నిండే కొద్దీ నిమ్ముతాది" అంది ముసలమ్మ. తరువాత నా చెయ్యి పట్టుకుంది. "నాకేం అక్కర్లేదు. నా కోడలు ఈ గడప లోపల కనల్ల. మా వంశంలో అందరమూ దీని లోపలే పుట్టినాం. బయట పుడితే ఆ బిడ్డ ఏ ఇంటిదని చెప్పేది? అంతదాంకా మమ్మల్ని ఎత్తేయకుండా ఉంటే సాలు."

అంతదాకా ఉండనిచ్చేటట్టు లేరు. ఎవరో మంత్రి బ్యారెక్కులు చూడ్డానికి వస్తున్నాడని బజారంతా సున్నాలు కొడుతున్నారు. ఆఫీసు నుంచి ఒక దొర, మేస్త్రీ, గడ్డపారలు పట్టుకున్న కూలీలు ఒకనాడు మిట్టమధ్యాహ్నం బయల్లోకి దిగారు. నేనూ అత్తా మిద్దె మీదే ఉన్నాం. ద్వారబంధం వెనక రెండు గొంగళ్లు చాటు కట్టి ఉన్నాయి. వాటి వెనక నుంచి కోడలి మూలుగు మాకు వినబడుతోంది. పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని కూడా వచ్చి లోపలే ఉంది.

మేస్త్రీ గడ్డపార భుజాన వేసుకుని విసవిసా నడిచి వచ్చాడు. గడప దగ్గరికి వచ్చి, చెప్పులు విడిచాడు. ఎవరూ చెప్పలేదు. పసుపు రాసిన గడప కనబడితే చెప్పులు విడవడం ఆ కాళ్లకు పుట్టినప్పటి నుంచి అలవాటు. విడిచి, తల లోపలికి పెట్టి, "అవ్వా, లోపలికి రావచ్చునా?" అని అడిగాడు. నేను కిసుక్కున నవ్వాను. అత్త నవ్వలేదు, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముసలమ్మ వాకిట్లోకి వచ్చి అడ్డంగా నిలబడింది. "వద్దప్పా, ఇంట్లో కానుపు అయితాండాది. మగోళ్లు రాగూడదు" అంది. మేస్త్రీ నాలిక్కరుచుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. కూలీలందరూ గడ్డపారలు కింద పెట్టి, ఉన్నచోటే వీపులు తిప్పి నిలబడ్డారు. కుడిపక్కా ఎడమపక్కా మొత్తం బయలే, ఒక్కడైనా అటు పోవచ్చు. ఒక్కడూ పోలేదు.

దొరకు పిచ్చి కోపం వచ్చింది. ఆయన మైసూరు నుంచి కొత్తగా వచ్చిన కన్నడాయన. "ఎల్లి మనె? ఇల్లి మనె ఎల్లిదె?" అని, ఇక్కడ ఇల్లెక్కడుందని కూలీల మీద అరిచాడు. అప్పుడు మా అత్త, ఆ వాకిలి పేరు చెబితేనే చెంపలు వేసుకునే మా అత్త, పిట్టగోడ పట్టుకుని, "సిగ్గుండల్ల! ఆడమనిషి కనే ఇంట్లోకి దూరతావా!" అని కేకేసింది. ఆయన తల కూడా ఎత్తలేదు. బూట్లు టకటకలాడించుకుంటూ పక్క నుంచి, గోడ ఉండవలసిన చోటు నుంచి, లోపలికి నడిచాడు.

నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఎండ తలమీద మండుతోంది, అయినా ఆయన చీకట్లో ఉన్నవాడిలా రెండు చేతులూ ముందుకు చాచాడు. కుడివైపు తడిమాడు, ఎడమవైపు తడిమాడు. ఒకచోట గాలి మీద అరచేతులు ఆనించి నెట్టాడు. ఎటు చూసినా మైదానమే, ఎటు నడిచినా బజారే. ఆయన మాత్రం, "బాగిలు ఎల్లి? బాగిలు ఎల్లి రీ?" అంటున్నాడు. వాకిలెక్కడ, వాకిలెక్కడ అని. మొదట దర్పంగానే అడిగాడు. తరువాత గొంతు సన్నబడింది. చివరికి తప్పిపోయిన పిల్లవాడు అమ్మను అడిగినట్టు అడిగాడు. కూలీలు వీపులు తిప్పుకునే ఉన్నారు.

ముసలమ్మ వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుంది. "ఇట్ల రాప్పా. ఈడ ఉండాది వాకిలి. తల వంచుకో, తగులుతాది" అని నడిపించుకుని వచ్చింది. ఆయన తల వంచి, గడప దాటి బయటపడ్డాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. బూట్ల నుంచి నీళ్లు కారి దుమ్ములో మచ్చలు పడ్డాయి. వచ్చిన దారినే వెళ్లిపోయాడు. మేస్త్రీ గడపకు దండం పెట్టి, చెప్పులు తొడుక్కుని ఆయన వెంట పోయాడు. అప్పుడే గొంగళ్ల వెనక నుంచి బిడ్డ ఏడుపు వినబడింది. మా అత్త కూడా ఏడ్చింది. ఏడుస్తూనే కిందికి దిగిపోయి బాలింతకు పెట్టే కాయం నూరడానికి కూర్చుంది.

పురిటి రోజులు గడిచేదాకా ఎవరూ రాలేదు. ఆ తరువాత వచ్చినవాళ్లు తెలివైనవాళ్లు. దగ్గరికి రాకుండా రోడ్డు మీదే లారీ నిలబెట్టి, బండ్రి అనే ఊరి దగ్గర జాగాలిస్తామని కేకేసి చెప్పారు. జాగా అనేసరికి ఎవరి కాళ్లు నిలుస్తాయి? ముసలమ్మా, పసిబిడ్డను ఎత్తుకుని కోడలూ బయటికి వచ్చారు, ద్వారబంధంలోంచే. లారీలో మనుషులకు మాత్రమే చోటుందన్నారు. ద్వారబంధాన్ని కూడా ఎక్కించుకోమని ముసలమ్మ చాలాసేపు బతిమాలింది. ఆఖరికి మా వాకిట్లోకి వచ్చి, నన్ను పిలిచింది. "దీన్ని కొన్నాళ్లు మీ పెరట్లో పెట్టుకో తల్లీ. ఇల్లు దొరికినాంక వచ్చి ఎత్తుకపోతా" అంది. నేను అత్త మొహం చూశాను. "పెట్టుకోమను. శుక్రవారం శుక్రవారం పసుపు నేనే రాస్తా" అంది అత్త. లారీ కదిలాక ఆ బిడ్డ ఏడుపు మూల మలుపు దాకా వినబడింది. బండ్రిలో జాగాలిచ్చారో లేదో ఎంతమందిని అడిగినా సరిగా చెప్పినవాళ్లు లేరు. ఆ లారీ అటే పోలేదన్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ మాట విన్న రోజు అత్తా నేనూ అన్నం తినలేకపోయాం.

అత్త పోయాక పసుపు నా వంతుకు వచ్చింది. ద్వారబంధం ఇప్పటికీ మా పెరటి గోడకు ఆనించి ఉంది. మొన్న వేసవిలో మా కోడలు దాన్ని తీసేయిద్దామని వడ్రంగిని పిలిపించింది. ఆయన గడప మీద చెయ్యి వేసి, "ఏందమ్మా, ఇప్పుడే నీళ్లతో కడిగినారా?" అన్నాడు. మా కోడలు నా వైపు చూసింది. ఆ తరువాత తీసేద్దామన్న మాట ఎత్తలేదు.

టీవీలో వార్తలు అయిపోయాక పెరట్లోకి వెళ్లి చూశాను. తడి అలాగే ఉంది. ఆ పుట్టిన బిడ్డ కూడా ఈపాటికి ముసలిదై ఉంటుంది, ఎక్కడున్నా సరే. అరవై ఏళ్లు దాటిపోయాయి, ఇంకెవరొస్తారని మా మనవరాలు అంటుంది. ఇల్లు దొరికినాంక వస్తానంది గానీ, ఎప్పటికి దొరుకుతుందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. అందుకని ఆమెకు ఆలస్యమైందని నేను అనుకోవడం లేదు.