తువ్వాలు కింద అమ్మిన కారు

కొత్త కారు షోరూం గేటు దాటగానే దాని విలువ పడిపోతుందని ఈ మధ్య ఎవరిని కదిపినా అంటున్నారు. అదేదో ప్రకృతి ధర్మం అయినట్టు చెబుతారు. మా రోజుల్లో సంగతి తలకిందులు. కొత్త కారు కావాలంటే ముందు సొమ్ము కట్టి, పేరు రాయించుకుని, ఏళ్ళ తరబడి కాచుకు కూర్చోవాలి. ఆ ఓపిక లేనివాళ్ళు పాత కారు కోసం వెతుక్కునేవాళ్ళు. అందువల్ల రెండేళ్ళు తిరిగిన కారుకి కొత్త కారు కంటే ఎక్కువ ధర పలికేది. ఆ ధరను నమ్ముకునే మా నాన్న మునిగాడు. నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఈ లెక్కలు నాకు ఏ పంతులూ చెప్పలేదు. రెడ్డిగూడెం దారిలో మాకున్న రెండెకరాల రసాల తోట పోయాక తెలిశాయి.

మా నాన్న నూజివీడులో ఒక బస్సు యజమాని దగ్గర డ్రైవరు. ఎన్నాళ్ళు ఒకడి బండి తోలుతాను, నా బండి నేను తోలుకోవాలి అన్నది ఆయన పట్టుదల. యాభై ఏడులోనో ఎనిమిదిలోనో ఒక పాత కారు అమ్మకానికి వస్తే, ఊళ్ళో మామిడి వ్యాపారం చేసే షావుకారు దగ్గరకెళ్ళి తోట తాకట్టు పెట్టి సొమ్ము తెచ్చాడు. షరతు పెద్దమనుషుల ముందు నోటిమాటగానే జరిగింది. మూడు కాపులు షావుకారు అనుభవిస్తాడు. ఆ లోపు ఇచ్చిన ఏడువేలూ తిరిగి ఇస్తే తోట మాది. ఇవ్వలేకపోతే ఆయనది.

కారు మంచిదే. పెళ్ళిళ్ళకు, బెజవాడ ఆస్పత్రికి, సీజన్లో వర్తకులను విస్సన్నపేట తోటలకు తిప్పడానికి దానికి విశ్రాంతి ఉండేది కాదు. నాన్న ఒక పూట, నేను ఒక పూట తోలేవాళ్ళం. అయితే పెట్రోలు, టైర్లు పోను మిగిలేది ఇంటి ఖర్చుకే సరిపోయేది. తోట విడిపించాలంటే కారు అమ్మడమే దారి. ఆ సంగతి నాన్నకు మొదటి నుంచీ తెలుసు. కొన్నాళ్ళు తిప్పుకుని మంచి ధరకు అమ్మి, తోట తెచ్చుకుని, మిగిలిన దాంతో బావికి ఆయిలింజను పెట్టించాలని ఆయన ఆలోచన. అందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. ఆనాటి ధరల్లో ఎవరికైనా అదే తోచేది.

మొదటి కాపు అయిన తరువాత మైలవరం నుంచి ఒక బియ్యం మిల్లు ఆసామి వచ్చాడు. మా వీధిలో, నలుగురు నిలబడి చూస్తుండగా, కారు చుట్టూ తిరిగి పైకే చెప్పాడు.

"తొమ్మిది వేలిస్తానండీ. ఇప్పుడే తాళం చెవి ఇవ్వండి, ఇప్పుడే సొమ్ము."

ఊరు ఊరంతా ఆ అంకె విన్నది. తోట వస్తుంది, ఇంజనూ వస్తుంది. నాన్న మాత్రం ఆలోచించుకుని చెబుతానన్నాడు. కారణం ఉంది. ఆ వారమే మా కారు కంపెనీ ఆ మోడల్ తయారీ ఆపేసిందన్న వార్త బెజవాడ నుంచి వచ్చింది. విదేశం నుంచి భాగాలు తెచ్చి ఇక్కడ బిగించే కంపెనీ అది. ఇక తేవడం లేదట.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న ముఖం వెలిగిపోతోంది.

"తొలకరి పడ్డాక చెట్టు మీద మిగిలిన రసం ఏ ధర పలుకుద్దో నీకు తెలీదా? సీజన్లో బుట్టకిచ్చే సొమ్ము అప్పుడు డజనుకిస్తారు. ఈ కార్లు ఇంక రావు. ఉన్నోడిదే రాజ్యం. ఏడాది ఆగితే పన్నెండు వేలు తెచ్చిద్ది!"

అమ్మ మజ్జిగ పోస్తూ అన్నది. "రసమైతే తినేసి టెంక పారేస్తారండీ. ఎవడూ దానికి సామాన్లు కొనడు. కారుకి కొనాలిగా?"

"నీకు కారు సంగతి తెలీదులే."

"నాకు తెలీదు. మీకు మామిడికాయ సంగతి తెలుసు. అదే నా భయం."

నేను నవ్వాను. నాన్న కూడా నవ్వాడు. మిల్లు ఆసామికి కుదరదని కబురు పంపాం.

మా చుట్టుపక్కల మనుషులకు ఏ వస్తువును చూసినా మామిడి లెక్కే. పూత మీద తోట కొంటారు, పిందె మీద అమ్ముతారు, గాలివాన వస్తే తల పట్టుకుంటారు. కొరత వస్తే ధర లేస్తుంది, గుట్టలు పోస్తే పడుతుంది. అంతకు మించిన సూత్రం లేదనుకునేవాళ్ళం. ఒక వస్తువు అరుదైపోయి కూడా ఎందుకూ పనికిరాకుండా పోవచ్చని మాకెవరికీ తట్టలేదు.

రెండో కాపు ముందు మొదటి దెబ్బ తగిలింది. మోడల్ ఆగిపోతున్నదని తెలిసి, పేరు రాయించుకున్నవాళ్ళంతా సొమ్ము వెనక్కి తీసుకుని వేరే కారుకు కట్టారు. దాంతో ఆఖరున బిగించిన కార్లు బెజవాడ డీలరు ఆవరణలో ఎండకు ఎండుతూ నిలబడిపోయాయి. వాటిని వదిలించుకోవడానికి పత్రికలో ప్రకటన వేయించాడు. రీడింగు రూములో నేనే చదివాను. తగ్గింపు ధర, ఎదురుచూడక్కర్లేదు, సీటు కవర్లు ఉచితం. ఇంటికొచ్చి నాన్నకు చెబితే మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

"ఎంత తగ్గించారు?"

చెప్పాను. ఆ తగ్గించిన ధర, మిల్లు ఆసామి మా పాత కారుకు ఇస్తానన్న దానికంటే తక్కువ.

ఇప్పుడు ఈ ఆఫర్లూ డిస్కౌంట్లూ చూసి జనం ఎగబడుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. తగ్గింపు అంటే కంపెనీ తన జేబులోంచి తీసి ఇస్తుందనుకుంటారు. కొంత ఇస్తుందేమో. మిగతాది, అదే కారును నిన్నటి ధరకు కొన్న ప్రతివాడి ఇంట్లోంచీ పోతుంది. కొత్త కారే అంతకు వస్తుంటే పాతదానికి అంత ఎవడిస్తాడు? మా కారు ఒక్క మైలు కూడా అదనంగా తిరగలేదు. దాని మీద ఒక్క గీత కూడా పడలేదు. ఒక్క ప్రకటనతో మూడో వంతు విలువ పోయింది. మమ్మల్ని ఎవరూ అడగలేదు, మాకు ఎవరూ చెప్పలేదు.

ఆ తగ్గింపు కార్లలో ఒకటి మా ఊరికే వచ్చింది. కొన్నది మా తోట అనుభవిస్తున్న షావుకారే. పసుపు రాసి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి మా కిరాయి కార్ల స్టాండు ముందు నుంచే తీసుకెళ్ళారు. మా కారు రంగే దానిది కూడా. తోటి డ్రైవరొకడు ఊరుకోలేదు.

"ఏంటి బావా, నీ కారుకి తమ్ముడు పుట్టాడంటగా! అన్న కంటే చవకంట!"

"చవకైతే నువ్వూ ఒకటి కొనుక్కో," అన్నాడు నాన్న.

"నాకెందుకు బావా? నీది ఇంకా చవక్కి వచ్చిద్దిగా, అప్పుడు చూస్తా!"

స్టాండంతా నవ్వింది. నాన్న ఆ రోజు కిరాయికి వెళ్ళలేదు. రాత్రి నాతో మాత్రం ధైర్యంగానే అన్నాడు. "కాయ గుట్టలు పోసినప్పుడు ధర పడుద్దిరా. ఆ గుట్ట తరిగిపోనీ. మళ్ళీ లేచిద్ది."

గుట్ట తరిగింది. డీలరు కార్లన్నీ అమ్ముడుపోయాయి. ధర లేవలేదు. కొనడానికి వచ్చిన ప్రతివాడూ ముందు ఒకటే అడిగేవాడు. "సామాన్లు ఎక్కడ దొరుకుతాయండీ?" ఆ మాటతోనే బేరం తెగిపోయేది.

మూడో కాపు ఏడాది మైలవరం నుంచి వస్తుంటే గేరుబాక్సులో పళ్ళు విరిగాయి. ఎడ్ల బండికి కట్టి ఇంటికి లాక్కొచ్చాం. బెజవాడలో ప్రతి కొట్టూ తిరిగాను. లేదన్నారు. మద్రాసు వెళ్ళాను. అక్కడ సామాన్ల కొట్టాయన, తెలుగువాడే, నా చేతిలోని విరిగిన పళ్ళ చక్రాన్ని ఇటూ అటూ తిప్పి చూసి తిరిగిచ్చాడు.

"ఈ మోడల్ చచ్చిపోయింది నాయనా. దీనికి సామాను కావాలంటే ఇట్టాంటి కారే ఇంకోటి కొని విప్పుకోవాల."

"ఇంకో కారు కొనేవాణ్ణయితే మీ దగ్గరకెందుకొస్తానండీ?"

"కొనగలిగినవాడు నీది కొనుక్కుంటాడు," అన్నాడు. వెటకారం కాదు. ఉన్నమాట చెప్పాడు.

కారు మా ఇంటి పక్క పాకలో ఇటుకల మీద కూర్చుంది. మూడో కాపు కోతకు వస్తుండగా షావుకారు తన దళారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన కారులోనూ గేర్లు అరవడం మొదలుపెట్టాయని స్టాండులో అప్పటికే అనుకుంటున్నారు. మా కారు తోలడానికి రాలేదాయన, విప్పడానికి వచ్చాడు. కావలసినవి విప్పుకుని, ఖాళీ డొల్ల మాకే వదిలేస్తానన్నాడు.

మామిడి బేరాల్లో ధర పైకి చెప్పరు. ఇద్దరూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. కొనేవాడు అవతలివాడి వేళ్ళు పట్టుకుని ధర చూపిస్తాడు. వేలుకి నూరో వెయ్యో ముందే అనుకుంటారు. వేలంతా పట్టుకుంటే పూర్తి, మధ్య కణుపు దగ్గర ఆగితే సగం. బేరం కుదిరినా కుదరకపోయినా ఆ అంకె ఆ ఇద్దరి మధ్యే ఉండిపోవాలి. బయటపెట్టినవాడికి మళ్ళీ బజారులో పరువుండదు.

"కారుక్కూడా తువ్వాలేంటండీ?" అన్నాను.

"పెద్దోళ్ళ మధ్య నీకెందుకయ్యా?" అన్నాడు దళారి. "మీ నాన్న మర్యాద కోసమే గదా."

చుట్టూ పదిమంది చేరారు. తువ్వాలు కప్పారు. నాన్న ముఖమే చూస్తున్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. షావుకారు వేళ్ళు మార్చినట్టు లేదు, అలాగే పట్టుకుని నవ్వుతూ చూస్తున్నాడు. కాసేపటికి నాన్న కళ్ళు దించుకున్నాడు. తువ్వాలు తీశారు.

ఆ సొమ్ము పట్టుకుని నాన్న మర్నాడు షావుకారు కొట్టుకు వెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

"ఇది మీ దగ్గరే ఉంచండి షావుకారు గారూ. మిగతాది వచ్చే కాపులోగా ఇస్తాను. తోట ఇంకొక్క ఏడాది ఆపండి."

"మూడు కాపులని నువ్వే అన్నావు గదయ్యా, పెద్దమనుషుల ముందు."

"పోనీ, ఈ సొమ్ముకి తగ్గట్టు బావి పక్క పది చెట్లన్నా ఇవ్వండి."

షావుకారు తమలపాకుకు సున్నం రాస్తూ తలెత్తలేదు. "పది చెట్లిస్తే దారి అడుగుతావు. దారిస్తే నీళ్ళడుగుతావు. అట్టా కుదరదు. పొలాన్ని కారు విప్పినట్టు విప్పుతారా ఎవరైనా?"

నాన్న సొమ్ము తువ్వాలు కొసన కట్టుకుని లేచాడు. తోట ఆ పూటతో పోయింది.

అంతటితో అయిపోయి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు. ఊరు ఏమనుకుందో అదీ నా మంట. మిల్లు ఆసామి పైకి చెప్పిన తొమ్మిది వేలు అందరికీ గుర్తుంది. షావుకారు తువ్వాలు కింద చూపించింది ఎవరికీ తెలీదు. ఆయన మాత్రం బజారులో నిట్టూర్చేవాడు. "పాపం, పాత పరిచయం. నడవని కారుకి నిండుగా ఇచ్చాను. ఏం చేసుకున్నాడో మరి." దాంతో కథ తయారైంది. సొమ్మంతా తాగాడన్నారు కొందరు. తాగుడు అలవాటు లేదని తెలిసినవాళ్ళు పేకాట అన్నారు. మా మేనమామ ఇంటికొచ్చి అమ్మ ముందే అడిగాడు.

"అంత సొమ్ము చేతికొచ్చి కూడా తోట విడిపించుకోలేదంటే ఏమనుకోవాలి బావా?"

"అనుకునేదేదో అనుకో," అన్నాడు నాన్న.

"ఎంతిచ్చాడో చెప్పొచ్చుగా!"

"తువ్వాలు కింద మాట. చెప్పకూడదు."

ఆ సొమ్ము అమ్మ చేతిలో పెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. మాతో కూడా ఒట్టు వేయించుకున్నాడు. మళ్ళీ బస్సు యజమాని దగ్గరే జీతానికి చేరాడు. తోటను తగలేసినవాడన్న పేరు మోస్తూ పోయాడు కానీ బేరం పద్ధతి తప్పలేదు. ఆ పద్ధతి షావుకారుకు కవచం, మా నాన్నకు గుదిబండ. నాన్న మీద ఉన్న గౌరవం నాకు ఆ పద్ధతి మీద లేదు.

వేలుకి వెయ్యి అనుకున్నారు. షావుకారు పట్టుకున్నది ఒక వేలు, రెండో వేలు మధ్య కణుపు దాకా.