తెనాలి నుంచి తెచ్చిన రాడ్డు

నా చిన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, నాన్నకు ఫరీదాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ ఆఫీసుకు బదిలీ అయింది. తెనాలి నుంచి మాతో వచ్చిన సామాన్లలో నీళ్ళు కాచే రాడ్డు ఒకటి. తెనాలిలో దాని అవసరం పడేది ఏడాదిలో నాలుగు రోజులే. కానీ ఆ నాలుగు రోజులూ అమ్మ పూజ ముగించేలోపు బకెట్టు పొగలు కక్కేది. ఫరీదాబాద్ చలిలో అదే రాడ్డు ముప్పావుగంట పెట్టినా నీళ్ళు గోరువెచ్చన దాటేవి కావు. నేను రోజూ వణుక్కుంటూ స్నానం చేసి, బడికి ఆలస్యంగా పరుగెత్తేదాన్ని.

ఊరు మారాక మందగించింది రాడ్డొక్కటే కాదు, నేను కూడా. తెనాలిలో తెలుగు మీడియంలో లెక్కల్లో నాదే మొదటి మార్కు. ఇక్కడ ఏడో తరగతిలో టీచరు సగం హిందీలో, సగం ఇంగ్లీషులో చెప్పే పాఠం నాకు అక్కడో ముక్క ఇక్కడో ముక్క అందేది. అర్ధసంవత్సర పరీక్షలో లెక్కల్లో నూటికి పంతొమ్మిది వచ్చాయి. టీచరు నాన్నను పిలిపించి, అమ్మాయికి అంత చురుకు లేదు, ఒక తరగతి కిందికి దించుతామంది. నాన్నకు తల కొట్టేసినట్టయింది. నన్ను తెనాలిలో పెద్దమ్మ ఇంట్లో వదిలి చదివిస్తానన్నాడు. అమ్మ రెండు రోజులు ఏడ్చింది. అమ్మను వదిలి ఉండాలంటే నాకు ప్రాణం పోయినంత పనైంది, కానీ ఎదురు చెప్పలేకపోయాను. నా బుర్ర రైల్లోనే ఎక్కడో జారిపోయిందని అప్పటికి నేనూ నమ్మేశాను.

ఆ ఆదివారం పొద్దున, టీసీ ఇప్పించమని నాన్న ఇంగ్లీషులో రాసిన అర్జీ బల్ల మీద ఉంది. వీధిలో పాత సామాన్లవాడు కేక వేసుకుంటూ పోతున్నాడు. నాన్న విసురుగా రాడ్డు ప్లగ్గు పీకి, ఊళ్ళో బాగానే ఉండేది, ఇక్కడికొచ్చి పాడైపోయింది, వాడికి పడేస్తానన్నాడు. ఆయన రాడ్డునే అన్నాడు. నేను మాత్రం తల దించుకున్నాను.

అదే సమయానికి కింది ఇంటి ఆంటీ కరివేపాకు కోసం పైకి వచ్చింది. వరంగల్ వైపు మనిషి, పాలిటెక్నిక్ కాలేజీ ల్యాబులో పనిచేసేది. సంగతి విని, "ఆగన్నా, గప్పుడే పారెయ్యకు, చూద్దాం" అని కిందికి వెళ్ళి కరెంటు కొలిచే మీటర్లు రెండు, వాటిని తగిలించే తీగలు ఉన్న ఒక పెట్టె పట్టుకొచ్చింది. నాకు రబ్బరు చెప్పులు తొడిగించి రెండడుగులు దూరంగా నిలబెట్టింది. లెక్క వేయడానికి కాగితం కావాలంది. నేను వెతికేలోపే బల్ల మీది అర్జీ తీసి, పై నుంచి కింది దాకా చదివి, వెనక్కి తిప్పి నా చేతిలో పెట్టింది.

రాడ్డు మళ్ళీ నీళ్ళలోకి దిగింది. ఒక మీటరు నూట అరవై వోల్టులు చూపించింది, రెండోది మూడు ఆంపియర్లు. వోల్టేజీ అంటే తోసే బలమని, ఆంపియర్లంటే పారే కరెంటని ఆంటీ అచ్చ తెలుగులో చెప్పింది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే తీగకున్న నిరోధం, రెండింటినీ హెచ్చవేస్తే అది తీసుకునే పవరు. నేను అక్కడికక్కడే చేసేశాను. నిరోధం యాభై మూడు ఓములు, పవరు నాలుగువందల ఎనభై వాట్లు. రాడ్డు మీద మాత్రం వెయ్యి వాట్లు, రెండువందల ముప్పై వోల్టులు అని రాసుంది. మరి ఆ రాతను బట్టి దాని నిరోధం ఎంతుండాలని ఆంటీ అడిగింది, ఎలా చేయాలో మాత్రం చెప్పలేదు. నేను కాసేపు ఆలోచించి, వెయ్యిని రెండువందల ముప్పైతో భాగించి కరెంటు తెచ్చాను. ఆ కరెంటుతో రెండువందల ముప్పైని భాగించాను. మళ్ళీ యాభై మూడు దగ్గరకే వచ్చింది. నాన్న ఆఫీసు కాలిక్యులేటరు తెచ్చి రెండుసార్లు సరిచూశాడు.

అయితే రాడ్డు మంచిదేనా అని అడిగాడు.

"రాడ్డుకేం కాలేదన్నా. మీ ఊర్ల ఎట్లుండెనో ఇక్కడ గట్లనే ఉన్నది. దానికి అందేదే తక్కువున్నది" అంది ఆంటీ. అని, నా జడ సవరించి, కరివేపాకు తీసుకుని వెళ్ళిపోయింది.

నాన్న చాలాసేపు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. మరో అర్జీ రాయలేదు. సోమవారం బడికి వెళ్ళి, ఏడాది చివరి దాకా నన్ను అదే తరగతిలో ఉంచమని టీచరును బతిమాలి ఒప్పించాడు. ఆ వారమే రాడ్డుకు, తగ్గిన వోల్టేజీని పెంచి ఇచ్చే స్టెబిలైజరు కొన్నాడు. నాకు మాత్రం ఆంటీయే స్టెబిలైజరు. రోజూ సాయంత్రం బడిలో జరగబోయే పాఠాన్ని ముందురోజే తెలుగులో చెప్పేది. మర్నాడు అదే పాఠం హిందీలో వినిపిస్తే, ఎప్పుడో తెలిసినవాళ్ళు ఎదురుపడ్డట్టు ఉండేది. ఏడాది చివర మొదటి మార్కేమీ రాలేదు, కానీ అన్నింట్లో పాసై పై తరగతికి వెళ్ళాను, అమ్మ దగ్గరే ఉన్నాను. ఆంటీకి నేను నోరారా కృతజ్ఞత చెప్పిన గుర్తు లేదు. ఆ వయసులో అది తోచలేదు. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు నా చేతి కింద పదిమంది పనిచేస్తున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు వెనకబడితే నాకూ విసుగొస్తుంది, మందమతులన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. అప్పుడు ఆగి, వాళ్ళకు అందుతున్నదెంతో ముందు కనుక్కుంటాను. ఇది నా గొప్ప కాదు, ఆంటీ పెట్టిన భిక్ష.

నాన్న ఆ కాగితాన్ని తన సర్టిఫికెట్ల ఫైల్లో దాచుకున్నాడని ఆయన పోయాకే తెలిసింది. ఒక వైపు నన్ను పంపేయడానికి ఆయన రాసిన అర్జీ, మరో వైపు నా లెక్క. ఎన్నేళ్ళు అలా ఉందో కానీ, ఆయన దాన్ని లెక్క పైకి కనబడేలా మడిచి పెట్టుకున్నాడు. నేనూ అలాగే ఉంచాను.