మూడో ఇంజెక్టరు, సింహాచలం గారి కొబ్బరికాయ

2014 వానాకాలంలో నన్ను విజయనగరంలోని ఒక కార్ల సర్వీసు సెంటరుకు డయాగ్నస్టిక్ ఇంజనీరుగా బదిలీ చేశారు. పేరు ఘనమే. మిగతావాళ్లు చేతులెత్తేసిన బండ్లను నా నెత్తిన పడేయడమే ఆ హోదాకు అర్థమని చేరిన వారంలోనే తెలిసింది.

అలా వచ్చిందే అప్పలనాయుడి కారు. ఆమదాలవలస స్టేషనులో దిగినవాళ్లను ఊళ్లకు చేరవేయడం అతని బతుకుతెరువు. కారు కొనిచ్చింది మామగారు సింహాచలం. ఎన్ని చోట్ల బాగుచేయించినా కొన్నాళ్లు నడిచి, దగ్గి, నడిరోడ్డు మీద ఆగిపోతోంది. బేరాలు పోతున్నాయి.

"ఈసారి బాగవ్వకపోతే అమ్మీస్తాను సారూ," అన్నాడు.

పక్కనే చంకలో సంచితో నిలబడ్డ సింహాచలం గారు అల్లుడికి జవాబు నా ద్వారా పంపారు. "నానిచ్చిన బండి అమ్మీసినోడు మరి నా గుమ్మం తొక్కక్కర్నేదని సెప్పండి బాబూ."

కారుతో పాటు కాపురం కూడా మరమ్మతుకొచ్చిందన్నమాట.

లోపాలు చదివే స్కానరు కారుకు తగిలిస్తే మూడో ఇంజెక్టరు సర్క్యూటులో లోపమంది. ఇంజెక్టరంటే ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే చిన్న పిచికారీ. బ్యాటరీ కరెంటు దాని దాకా వచ్చి ఉంటుంది. కారులో ఉండే కంప్యూటరు ఎర్తు కలిపినప్పుడల్లా తెరుచుకుంటుంది. ఇందులో చెడింది ఇంజెక్టరా, వైరా, కంప్యూటరా అన్నది స్కానరు చెప్పదు. మా వర్క్స్ మేనేజరుకు మాత్రం సందేహమే లేదు. కంప్యూటరు మార్చేయమన్నాడు. ఆయన చేతిలో ఉంటే హారన్ మోగకపోయినా కంప్యూటరే మార్చేవాడు.

నేను రెండో ఇంజెక్టరును, మూడోదాన్ని అటూ ఇటూ మార్చాను. ఇంజిన్ నడుస్తుండగా వైర్లు ఒక్కొక్కటే కదిపాను. మూడో చోట కదిపినప్పుడే దగ్గింది. అంటే చోటు మారిన ఇంజెక్టరు నిర్దోషి. వైరు కదిపితేనే దగ్గుతోందంటే కంప్యూటరు తప్పూ కాదు. మల్టీమీటరుతో చూస్తే కంప్యూటరు నుంచి వచ్చే వైరూ తెగలేదు. ఇక మిగిలింది కొసన వైరును ఇంజెక్టరుకు తగిలించే కనెక్టరు.

అప్పుడు కనబడ్డాయి చీమలు. పెట్రోలు కంపులో, ఇంజిన్ వేడిలో వాటికేం పని? కనెక్టరు లాగి చూశాను. నీరు చొరకుండా ఉండాల్సిన రబ్బరు సీలు చిరిగిపోయింది. పిన్నులకు పచ్చని చిలుము, జిగురు. పక్కన ఇరుక్కుని కొబ్బరి పీచు.

తలెత్తి చూస్తే సింహాచలం గారి సంచిలోంచి కొబ్బరికాయ పిలక కనిపిస్తోంది.

అడిగితే తేలింది. బండి బాగైన ప్రతిసారీ ఆయన బానెట్ ఎత్తించి, ఇంజిన్ మీదే కాయ కొట్టి, నీళ్లు ధారగా పోసేవారట. మరమ్మతులో కనెక్టరు పీకి పెట్టేసరికి చిలుము కాస్త రాలి బండి నడిచేది. ఆ సంతోషంలో మళ్లీ కొబ్బరినీళ్లు!

అప్పలనాయుడు ఎగిరిపడ్డాడు. "మావా, నువ్వేనా!"

"అమ్మోరికి పోసిన నీల్లకి బండి పాడవుతాదేటి?" అని గద్దించారాయన. ముఖం మాత్రం నల్లబడింది. నాకు జాలేసింది. అంత ప్రేమగా బండి పాడుచేసిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

లోపలికి పోతే ఏ నీళ్లయినా ఒకటేనని నెమ్మదిగా చెప్పాను. కొత్త కనెక్టరు, కొత్త సీలు వేశాను. ఇంజిన్ గొంతు సవరించుకుని చక్కగా తిరిగింది.

"మరి కాయెక్కడ కొట్టమంటారు బాబూ?"

ముందు టైరు చూపించాను.

"దానికి కరెంటు నేదు కదా?" అని రెండుసార్లు అడిగి మరీ కొట్టారు. మొదటి ముక్క తీసి, నా ద్వారా కాకుండా, నేరుగా అల్లుడి చేతిలో పెట్టారు. "తిను. బండి అమ్మకు." అల్లుడు తలవంచుకుని నమిలాడు.

అంతటితో ఆగితే బాగుండేది. నా స్కానరుకు కూడా పుణ్యం ఉండాలని చిప్పలో మిగిలిన నీళ్లతో బయల్దేరారు. హోదా మరిచి దాన్ని గుండెలకు హత్తుకుని పరుగెత్తాను.

స్కానరు సర్క్యూటు వరకే చెబుతుంది. మిగతాది మనుషులను అడిగి తెలుసుకోవాలి. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా బానెట్ ఎత్తకముందే అడిగేవాణ్ని, దీని మీద ఏం పోశారని. కొందరు నాకు పిచ్చేమోనని చూసేవారు. మిగతావాళ్లు నేల చూపులు చూసేవారు.