దొరగారి ఎడింబరో, మా అత్త ఎదురు

ఆ రోజుల్లో మా తోటలో చదువుకున్నవాడంటే, ఎక్కడికీ వెళ్ళకుండానే అన్నీ చూసేసినవాడని అర్థం. నేను తెలుక్ అన్సన్‌లో మూడేళ్ళు ఇంగ్లీషు బడికి వెళ్ళివచ్చాను గనక, మనవాళ్ళు ఓడెక్కి కూలికొచ్చిన బాగన్ దాతుక్ దగ్గర మా కొబ్బరి తోటలో నాకు తెలియని సంగతి ఉండదని నలుగురూ అనుకునేవారు. నలుగురికంటే ముందు నేను అనుకునేవాణ్ణి. ఇరవై నిండకుండానే తోట బడికి పంతుల్నయ్యాను. బడి అంటే ఆకులు కప్పిన పాక, ఒక నల్లబల్ల, ముప్ఫైమంది పిల్లలు. పంతులంటే ఒక తెల్లకోటు. ఆ కోటు వేసుకుని లైన్ల మధ్య (కూలీల ఇళ్ళ వరసల్ని లైన్లనేవాళ్ళం) నడుస్తుంటే నాకంటే ముందు నా కోటు నడుస్తున్నట్టుండేది. నన్ను పెంచిన మా మేనత్త దాన్ని రోజు విడిచి రోజు ఉతికి గంజి పెట్టేది. ఆవిడ చిన్నతనంలోనే మొగుణ్ణి పోగొట్టుకుంది. పొద్దున్నే దొరగారి బంగళాకి బొగ్గుల గంప మోసుకెళ్ళి, వంటింట్లో పోసి, ఇల్లంతా ఊడ్చి రావడం ఆవిడ పని.

మా దొరది స్కాట్లాండులో ఎడింబరో. ఆయనకి ఊరిమీద బెంగ ఎక్కువ. ఆ బెంగ మాకు చదువు చెప్పే రూపంలో బయటికొచ్చేది. నెలకో ఆదివారం మధ్యాహ్నం ఎండుకొబ్బరి కొట్టు తలుపులు మూయించి, సందుల్లో గోనెపట్టాలు కుక్కించి, మాయాదీపం పెట్టెతో గోడమీద తన ఊరు వేసి చూపించేవాడు. లోపల కమురు వాసన, చెమట, పెట్టెలోని కిరసనాయిలు పొగ. దొర ఇంగ్లీషులో చెబితే నేను బెత్తం పట్టుకుని తెలుగులో చెప్పేవాణ్ణి. అర్థం కానిచోట సొంతంగా అల్లేవాణ్ణి. (ఎడింబరో మహానగరం పక్కన రెండు నదుల్ని నేనే ప్రవహింపజేశాను. అవి అక్కడ లేవని చాలా ఏళ్ళకి తెలిసింది.)

మొదట నల్లరాతి కొండమీద కోట వచ్చేది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ కోటమీద ఫిరంగి పేలుస్తారనీ, ఊరంతా దానికి గడియారాలు సరిచేసుకుంటుందనీ దొర ఛాతీ విరుచుకుని చెప్పాడు. నేనూ విరుచుకునే చెప్పాను. ముందు వరసలో మేస్త్రీ బాబాయి (నాకేం బంధువు కాదు, తోటలో అందరికీ బాబాయే) తల గోక్కుని, “మజ్జానం కూడేళైందని పిరంగెందుకురా పంతులూ? ఆళ్ళకి ఆకలేస్తే తెలీదేటి?” అన్నాడు. బాబాయి ఏమన్నాడని దొర అడిగితే, ఫిరంగి శక్తికి ఆశ్చర్యపోతున్నాడని చెప్పాను. తరవాత కథలు రాసినాయన పేర కట్టిన గోపురం వచ్చింది. రెండువందల ఎనభైకి పైగా మెట్లు. పైనేముందంటే ఏమీ లేదు, ఎక్కి ఊరు చూసి దిగడమే. సింహాచలం మెట్లెక్కిన ముసలివాళ్ళు దేవుడూ లేక ప్రసాదమూ లేక అంత ఎక్కేవాళ్ళని తలుచుకుని జాలిపడ్డారు. యజమాని సమాధి దగ్గర ఏళ్ళ తరబడి కూర్చున్న కుక్కకి నడివీధిలో విగ్రహం కట్టించారంటే మాత్రం ఎవరూ నవ్వలేదు. వీపున చేపల బుట్టలతో వీధివీధి తిరిగే ఆడవాళ్ళని చూసి, “ఈలు మన బీమిలోళ్ళే, తెల్లగున్నారంతే” అని మా అత్త చీకట్లో అంది. కోటనుంచి రాజుగారి మేడదాకా పోయే పెద్దవీధి వచ్చినప్పుడు, పూర్వం ఆ పదంతస్తుల ఇళ్ళవాళ్ళు కుడితినీళ్ళు కిటికీలోంచి వీధిలోకే కుమ్మరించేవారని దొర ముచ్చటగా చెప్పాడు. గుమ్మంముందు నీళ్ళు పారబోశారని ఆయన మా ఆడవాళ్ళని ఎండలో నిలబెట్టి తిట్టింది ఆ వారమే. కొట్టులో ఎవరూ పైకి నవ్వలేదు గాని చాలామంది ఒక్కసారే దగ్గారు.

ఆ ఏడు డిసెంబరులో పెట్టెలోకి కొత్త గాజు బొమ్మపలక వచ్చింది. పాత గుడి గడియారం కింద జనం, పన్నెండు ఎప్పుడు కొడుతుందా అని తలలెత్తి చూస్తున్నారు. దాని వెనక ఇంకోటి: ఒక ఇంటి గుమ్మంలో చేత బొగ్గుముక్కతో ఒకాయన. కొత్తేడు వచ్చాక ఇంటి గడప మొదట ఎవరు దాటుతారో ఆ ఏడంతా ఇంటి అదృష్టం వాళ్ళ చేతిలో ఉంటుందట. నల్లజుట్టు మగవాడు బొగ్గు పట్టుకొస్తే శ్రేష్ఠం. ఆడది వస్తే కీడు. వచ్చినవాణ్ణి గెంటెయ్యకూడదు, కూర్చోబెట్టి తినడానికి పెట్టాలి. నేను చెప్పడం పూర్తి కాకముందే కొట్టంతా కదిలింది. మేస్త్రీ బాబాయి తొడమీద చరుచుకుని, “ఎదురంటే అదేగదరా. ఇన్నాళ్ళకి దొర ఒక మంచి మాట సెప్పినాడు” అన్నాడు. మొత్తం ఎడింబరోలో నేను అల్లకుండా అందరికీ అర్థమైంది అదొక్కటే.

పెట్టె దీపం ఆర్పాక దొర నన్ను ఆపి, బడికి పిల్లలు సరిగా రావడంలేదనీ, కొట్టు చాలడంలేదనీ, జనవరినుంచి బడిపాకలో ఎండుకొబ్బరి పోయిద్దామనుకుంటున్నాననీ, కొత్తేడు పండగయ్యాక తేల్చి చెబుతాననీ అన్నాడు. బడి లేకపోతే నేను వలుపుడు పనికి పోవాలి. భూమిలో పాతిన ఇనప గునపంమీద కాయని పొడిచి పీచు వలవడమే ఆ పని. మా నాన్న దానిమీదే అరచేతులు పోగొట్టుకున్నాడు. ముప్ఫైమంది పిల్లల భవిష్యత్తు గురించి నేను బెంగపడ్డానని రాయాలని ఉంది గాని, నిజానికి ఆ రాత్రి నేను చూసుకున్నది నా చేతుల్ని.

అప్పుడే నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. జనవరి ఒకటో తేదీ పొద్దున్న దొర గడప మొదట నేనే దాటాలి. నల్లజుట్టుంది, మగవాణ్ణి, బొగ్గుకి కొదవలేదు. తన ఊరి ఆచారం గుర్తుపెట్టుకుని వచ్చినవాణ్ణి దొర కాదనలేడు. ఒక్కటే చిక్కు: బంగళా ముందు ఎనిమిది మెట్లున్నాయి. పెద్ద కిరాణీ, అంటే తోట గుమాస్తా, మూడో మెట్టుదాకా వెళ్ళొచ్చు. నాకు మొదటి మెట్టు. కూలీలకి వెనక దారి. నల్లజుట్టువాడు గడప దాటితే అదృష్టమనుకునే ఊరాయన, ఏడాదిలో మిగతా రోజులన్నీ నల్లజుట్టువాళ్ళని మెట్లకిందే ఉంచాడేమిటని నాకు తోచి, లోపల్లోపల బాగా ఉడుక్కున్నాను. ఆ ఉడుకులో నేనో సంస్కర్తనని కూడా అనిపించింది.

ముప్ఫై ఒకటో తేదీ సాయంత్రం అత్త దొరకోసం కొబ్బరిలౌజు చేసి ఆకులో కట్టింది. నేను కోటు మడత చూసుకుంటూ, ఎటో చూస్తూ, “అత్తా, రేపు నేను బయల్దేరేటప్పుడు...” అని ఆగిపోయాను. ఇంటికి పెద్ద పని పడ్డ ప్రతిసారీ ఎవరో ఒకరు ఆవిడతో అనే మాటే అది. నేను అనడం అదే మొదలు. ఆవిడ చేతిలో బెల్లం జిడ్డు కడుక్కుంటూనే, “తెలుసురా. నువ్వు లెగిసీసరికే నానెల్లిపోతాను. నీకు నా మొకం కనపడదులే” అంది. కోపంగా అనలేదు. నాకు హాయనిపించింది. ఇది రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది, అప్పుడు మాత్రం హాయే అనిపించింది.

పొద్దున్న లేచేసరికి ఇంట్లో నేనొక్కణ్ణే. కోటు తొడిగి, కొబ్బరిచిప్పల బొగ్గు రుమాల్లో మూటగట్టి జేబులో వేసుకుని, లౌజు పొట్లం చేత పట్టుకుని బయల్దేరాను. దారికి అటూ ఇటూ నిలబడ్డవాళ్ళలో ఒక పెళ్ళికాని పిల్ల, నీళ్ళ బిందెతో ఒక ముత్తైదువ తప్ప ఎవరూ ఎదురు రాలేదు. మేస్త్రీ బాబాయి ముందే అన్నీ ఏర్పాటు చేశాడు. బంగళా చేరేసరికి చెమటకి బొగ్గు తడిసి కోటు కుడివైపంతా నల్లగా దిగింది. ఆరు గంటలకి వీధి తలుపు తీశారు. నేను మొదటి మెట్టు దగ్గర అలవాటుగా ఆగాను. తరవాత బొగ్గు బయటికి తీసి, కళ్ళు మూసుకుని మిగతా ఏడూ ఎక్కి, గడప దాటి నిలబడ్డాను.

దొర పడకదుస్తుల్లో, రాత్రి తాగినదాని బరువుతో తల పట్టుకుని బయటికొచ్చాడు. నన్ను, నా కోటుని, చేతుల్లో బొగ్గుని, లౌజు పొట్లాన్ని చూశాడు. చాలాసేపటికి అర్థమై మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. నాకు బడి దక్కిందనే అనుకున్నాను. కాని దొర పద్ధతి మనిషి. లెక్క తప్పకూడదని వంటవాణ్ణి పిలిచి, ఇవాళ ఇంతకుముందు ఎవరైనా లోపలికొచ్చారా అని అడిగాడు. హైనాన్ చీనావాడు, ఈ సంగతులేవీ తెలియనివాడు, వెనక్కి వేలు చూపించి, “ఆ ఆయమ్మే లా, తుయాన్. ఇవాళ ఇంకా చీకటుండగానే వచ్చింది” అన్నాడు. (తుయాన్ అంటే అక్కడి మాటలో దొర, లా అనేది వాళ్ళ ప్రతి మాటకీ ఉండే తోక.) భోజనాల గది తలుపు దగ్గర చీపురుతో, పక్కన బొగ్గుల గంపతో మా అత్త నిలబడి ఉంది.

రోజూ ఆరున్నరకి వచ్చే మనిషి. నా కంట పడకూడదని ముందు వచ్చేసింది. నేనే పంపించానన్నమాట.

దొర మొహం వాడిపోయింది. ఆడది, అందులోనూ కొత్తేటి మొదటి రోజు. వితంతువని ఆయనకి తెలియదు. మా ఊరూ ఆయన ఊరూ కలిస్తే ఆవిడకి నిలబడ్డానికి చోటుండదు. ఇక గునపం ఖాయమనుకున్నాను. దొర మాత్రం ఇంకో ప్రశ్న వేశాడు: పోయిన ఏడు మొదట ఎవరొచ్చారు? “ఆయమ్మే. అంతకుముందూ ఆయమ్మే లా. పదకొండేళ్ళుగా రోజూ ఆయమ్మే” అన్నాడు వంటవాడు, ఇంత తెలివితక్కువ ప్రశ్నేమిటన్నట్టు. దొర కుర్చీలో కూలబడి వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. పదకొండేళ్ళ కింద ఒక్క పెట్టెతో చిన్నదొరగా దిగాడు. పక్కతోట దొరల్ని ఇద్దర్ని జ్వరం తీసుకుపోయింది, ఈయన్ని వదిలేసింది. యుద్ధానికి పోలేదు. పెద్దదొరయ్యాడు. మడవడానికి వేళ్ళు అయిపోయాక తలెత్తి, ఎడింబరోలో తన నాయనమ్మ వింటే ఒప్పుకోదు గాని ఆచారం ఆచారమే, మొదట వచ్చినవాళ్ళని కూర్చోబెట్టాలి అన్నాడు. కుర్చీ జరిపాడు. అత్త కుర్చీని చూసి భయపడి కిందే కూర్చుంది. దొర బిస్కట్ల పళ్ళెం తెచ్చి, ఆమెకేం కావాలో అడగమన్నాడు.

“అత్తా, ఏం కావాలో అడగమంటున్నాడు” అన్నాను. ఆవిడ పళ్ళెం వంక చూసి, “మావోడి బడి తీసీయొద్దని సెప్పు. ఆడికి కొబ్బరి వలవడం రాదు, సేతులు కోసీసుకుంతాడు” అంది. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పడానికి నాకు నోరు రాలేదు. విద్య సమస్త జాతులకీ వెలుగనీ, ఈ తోట బాలబాలికలు దొరగారి పేరు తరతరాలు తలుస్తారనీ, గుక్కతిప్పుకోకుండా ఇంగ్లీషులో చెప్పాను. దొర నా వైపూ ఆవిడ వైపూ చూసి, “అంత చిన్న మాటలో ఇంత ఉందా?” అన్నాడు. తరవాత బడి ఉంటుందన్నాడు.

బడి ఉంది, జపానువాళ్ళు వచ్చేదాకా. ఆ మరుసటేటినుంచి జనవరి ఒకటిన అత్త ముందు మెట్లమీంచే రావాలని దొర ఆజ్ఞ. ఆవిడ ఎప్పట్లా వెనకనుంచి వెళ్ళి, బొగ్గు పోసి, ఇల్లు ఊడ్చి, మళ్ళీ బయటికొచ్చి చుట్టూ తిరిగి, ఎనిమిది మెట్లూ ఎక్కి మొదటిసారి లోపలికొచ్చేది. దొర పళ్ళెం పట్టుకుని ఎదురుచూసేవాడు. ఇద్దరూ చాలా గంభీరంగా ఉండేవారు.

ఆ జనవరిలోనే, సెలవలయ్యాక బడి తెరిచిన పొద్దున్న సంగతొకటి మిగిలింది. కోటు (మరక పూర్తిగా పోలేదు) వేసుకుని లోపల నిలబడ్డాను. అత్త పెరట్లో ఉంది, నేను వెళ్ళేదాకా ఇటు రాదు. “అత్తా, నువ్వు ఎదురొస్తేగాని కదలను” అన్నాను. “ఏటి, పిచ్చెక్కిందేటి? బడేళైంది, ఎల్లు” అంది. నేను కదల్లేదు, ఆవిడా కదల్లేదు. పిల్లలు వచ్చి గుమ్మం బయట గుంపుగా నిలబడి, పంతులికి ఒంట్లో బాగులేదని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. చివరికి ఆవిడ ఇంటి చుట్టూ తిరిగి వచ్చి, చాట కోసమన్నట్టు, నా మొహం చూడకుండా, ముందు గుమ్మంలోంచి గబగబా లోపలికి నడిచింది. నేను బయటికి నడిచాను. ఆ రోజు బడి అరగంట ఆలస్యంగా మొదలైంది. సంస్కర్తనని మహా గర్వంగా పాఠం చెప్పుకుంటున్న ఆ కుర్రపంతులికి, సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మా అత్త ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టుకుని దిష్టి తియ్యడానికి గుమ్మంలో కాచుకునుంటుందని తెలియదు పాపం. పొద్దున్న తను ఎదురొచ్చిందిగదా, నాకేమవుతుందోనని ఆ రోజంతా ఆవిడ అన్నం ముట్టలేదట.