బల్లి వద్దన్న వేపుడు

ఒక బల్లి వల్ల నాకు రావలసిన సెలవు పోబోయింది, ఉద్యోగం పోబోయింది. ఒక పెద్దింటి ముసలావిడను నా చేతులారా చంపేశాననుకుని గోడకు చేరగిలబడి ఏడ్చాను కూడా. బల్లిని తిట్టుకుందామంటే దాని తప్పు రవ్వంత లేదు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను, చదివాక మీరెలాగూ తిట్టేది నన్నే.

అది తొంభైల మాట. దోహా నడిబొడ్డున ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక అరబ్బుల ఇంట్లో నేను వంటమనిషిని. మాది రాయచోటి దగ్గర పల్లె. ఇరుగుపొరుగు వాళ్ళంతా కొత్త విల్లాలకు వెళ్ళిపోయినా మా ఇంటి ముసలావిడ మాత్రం కదలనంటే కదలనంది, దాంతో కుటుంబమంతా ఆ పాత ఇంట్లోనే ఉండిపోయింది. పనివాళ్ళమంతా ఆవిడను మామా కబీర అనేవాళ్ళం, పెద్దమ్మగారని అర్థం. ఆవిడ కొడుకు ఇంటి యజమాని, ఆయన్ని బాబా అనేవాళ్ళం. ఆవిడ కోడలు మా మేడం. మేడం కూతురు నూరా, బడికి పోయే పిల్ల. బండి నడిపే నర్సయ్యది నిజామాబాదు వైపు. వాళ్ళతో నేను మాట్లాడిన విరిగిన అరబ్బీని ఉన్నదున్నట్టు రాస్తే మీకు తల తిరుగుతుంది, అందుకే తెలుగులోకి మార్చి చెబుతున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నా వంట గురించి అప్పట్లో నాకు గంపెడు పొగరు. నా చేతి కూడు వద్దన్న మనిషిని పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అలిగి పంచలో పడుకున్న మా మామ కూడా నా ఉర్లగడ్డ తాలింపు వాసన తగలగానే లేచి చేతులు కడుక్కునేవాడు. అలాంటి నాకు దాపురించింది సుక్కర్.

సుక్కర్ అంటే చక్కెర. నూరాకు ఇంగ్లీషు చెప్పే దొరసాని తన దేశానికి వెళ్ళిపోతూ ఆ పిల్ల చేతిలో పెట్టిపోయిన బల్లి పేరది. మన గోడల మీద తిరిగే బల్లి కాదు. పసుపు ఒంటి మీద చిరుతపులికి మల్లే నల్లటి మచ్చలు, ముల్లంగి దుంపంత లావు తోక. కన్ను కొడుతుంది కూడా. రెప్పలున్న బల్లిని నేనెన్నడూ చూడలేదు. మొదటిసారి అది నాకేసి చూసి నింపాదిగా ఒక కన్ను మూసినప్పుడు నా చేతిలో టీ గ్లాసు జారి పగిలింది. అన్నిటికన్నా దాని మూతి. రెండు చివర్లూ పైకి తిరిగి, అస్తమానం నవ్వుతున్నట్టే ఉంటుంది.

ఎండాకాలం రాగానే అందరూ లండన్ ప్రయాణం కట్టారు. మామా కబీర ఎక్కడికీ రానంది. వెళ్ళేముందు మేడం నన్ను పిలిచింది.

“మంగా, మా అత్తగారికి వేళకు తిండి పెట్టు. నూరా బల్లిని జాగ్రత్తగా చూడు. మేమొచ్చేసరికి అంతా బాగుంటే నిన్ను రజా మీద మీ ఊరికి పంపిస్తాను.”

రజా అంటే సెలవు. ఆ మాట వినగానే నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. నా కొడుకు నడక కూడా రాని వయసులో వాణ్ణి మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను. ఫోనులో ‘అమ్మా’ అనమంటే సిగ్గుపడి పారిపోతున్నాడని మా అమ్మ చెప్పేది. వాణ్ణి ఒక్కసారి ఎత్తుకోవాలని చేతులు పీకేవి. దానికోసం బల్లినేమిటి, మొసలినైనా చూసుకునేదాన్ని.

నూరా నాకొక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. లోపలేదో గిరగిర తిరుగుతోంది.

“ఇవి దాని తిండి. రోజూ కొన్ని లోపల వెయ్యి, అంతే.”

వాళ్ళ విమానం వెళ్ళిపోయాక మూత తీసి చూశాను. కీచురాళ్ళు! డబ్బా నిండా ప్రాణాలతో ఉన్న కీచురాళ్ళు! నేను పెట్టిన కేకకు నర్సయ్య చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు.

“ఏమైంది చెల్లె? గ్యాస్ గిట్ల అంటుకున్నదా?”

“చూడన్నా, ఈ పురుగుల్ని బల్లికి పెట్టాలంట!”

“అయితే వెయ్యరాదు? బల్లి పురుగులు తినక పప్పన్నం తింటదా?”

“తినేది తెలుసులేబ్బా. ఇట్ల పచ్చివే ఎట్ల పెట్టేది?”

ఇక్కడే నా తెలివి మీరు గమనించాలి. ఎవరైనా మన చేతికి బియ్యమిచ్చి ‘పిల్లాడికి పెట్టు’ అంటే బియ్యమే పెడతామా? వండి పెడతాం. నూరా చిన్నపిల్ల, వండమని విడిగా చెప్పాలని దానికి తోచలేదు, అంతే కదా! పైగా కదులుతున్న ప్రాణిని తీసుకెళ్ళి కంచంలో పెట్టడం మా ఇంటావంటా లేదు. పురుగుల్ని వండటం మాత్రం నాకు కొత్త కాదు. తొలకరి పడగానే మా పల్లెలో ఉసిళ్ళు లేస్తాయి. వాటిని పట్టి, వేయించి, చేటలో చెరిగితే రెక్కలన్నీ ఎగిరిపోతాయి. బొరుగులు కలుపుకుని తింటే ఆ రుచే వేరు. కీచురాయి కూడా ఉసిలికి కాస్త పెద్ద చుట్టమే అనుకున్నాను.

మొదటి రోజు జబ్బుపిల్లాడికి పెట్టినట్టు చప్పగా ఉడకబెట్టి, చిన్న గిన్నెలో పెట్టాను. సుక్కర్ వాసన చూసింది, నవ్వింది, పక్కకు తిరిగి పడుకుంది. మర్నాడు కాళ్ళు తుంచి, కొంచెం నెయ్యి వేసి వేయించాను. మళ్ళీ నవ్వు. ఆ మర్నాడు పసుపు, మిరియప్పొడి. అది గిన్నె మీదుగా నడిచి అవతలికి పోయింది. కోపంతోనైనా మూతి ముడిస్తే సరిపెట్టుకునేదాన్ని. నవ్వుతూ వద్దంటే ఎలా ఉంటుందో ఆలోచించండి!

“అన్నా, ఇది తినల్యా. అల్లం వెల్లుల్లి గూడా వేసి చూసినా.”

“అల్లమా? బల్లికా?” నర్సయ్య నోరు తెరిచాడు. “నీకు దిమాక్ గిట్ల ఖరాబైందా చెల్లె? మేడమ్‌కు ఫోన్ జేసి అడుగు.”

“ఫోన్ చేసి ఏమని చెప్పేది? బల్లి చస్తాందనా? చెప్పినానంటే నా రజా గోవిందా!”

“గట్లైతే డాక్టరు కాడికి తోల్కపోదాం.”

“ఏ డాక్టరు దగ్గరికి?”

“అల్ షహానియాల మన బాబా ఒంటెలను చూసే డాక్టరున్నడు గద.”

ఒంటెల డాక్టరు ముందు గుప్పెడు బల్లిని పెట్టి నిలబడటం ఊహించుకున్నాక ఆ ఆలోచన మానేశాం.

దాని తోక సన్నబడుతూ వచ్చింది, దాంతోపాటు నా ధైర్యమూ. గాజుపెట్టె ముందు కూర్చుని “తినమ్మా, తల్లీ, ఒక్క ముద్ద, నా కొడుకు కోసం” అని బతిమాలేదాన్ని. ఈ గొడవలో పడి మామా కబీర కంచం కూడా పెట్టింది పెట్టినట్టే వెనక్కి వస్తోందని నేను పెద్దగా పట్టించుకోలేదు. ఖర్జూరాలు, గావా అనే వాళ్ళ కాఫీ, అంతే. అందరూ ఊరెళ్ళారని బెంగేమో, రెండ్రోజులకు అదే సర్దుకుంటుందనుకున్నాను. బల్లి తినడం లేదని గుండెలు బాదుకున్న మనిషిని, ముసలావిడ తినడం లేదని ఆమె పక్కన ఒక్క పూటైనా కూర్చోలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

చివరికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ సాయంత్రం డబ్బాలో సగం కీచురాళ్ళను తీసి, దోరగా వేయించి, చెరిగి, మలయాళీ కొట్టు నుంచి తెప్పించిన బొరుగులు కలిపి, ఎండుమిర్చి, కరివేపాకు, వెల్లుల్లితో తాలింపు పెట్టాను. ఇల్లంతా ఘుమఘుమలాడిపోయింది. వేడిగా ఉంటేనే రుచని, పళ్ళెం వంటగది బల్ల మీద పెట్టి, సుక్కర్‌ను ప్లాస్టిక్ బేసినులోకి దొర్లించి, వంటగదికే తెస్తూ ఉన్నాను.

గుమ్మంలోనే ఆగిపోయాను.

బల్ల ముందు కుర్చీలో మామా కబీర. ఒళ్ళో పళ్ళెం. నోట్లో కరకర.

“మామా! వద్దు! అది మీకు కాదు!” అని అరిచాను. అరిచానని నేననుకున్నాను గానీ గొంతులోంచి ఈల లాంటిదేదో వచ్చింది. చేతిలో బేసిను దబ్బున కింద పడింది. సుక్కర్ బయటపడి గ్యాస్ సిలిండరు పక్కకు పాకింది.

మామా కబీర తల కూడా తిప్పలేదు. ఇంకో గుప్పెడు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. ఆ కళ్ళు మూయడం చూసి, అయిపోయింది, ముసలావిడ పోయిందనుకుని గోడకు చేరగిలబడ్డాను. జైలు, పోలీసులు, నా కొడుకు మొహం, అన్నీ వరసగా కళ్ళ ముందు కదిలాయి. ఏడుపు తన్నుకొచ్చింది.

ముసలావిడ కళ్ళు తెరిచింది. ఆమె కూడా ఏడుస్తోంది!

“జరాద్,” అంది. “నా చిన్నప్పుడు మిడతల దండు వచ్చేది. మా అమ్మ గోనెలతో పట్టి వండేది. ఎన్నేళ్ళయిందో తిని! ఎవరు చెప్పారు నీకు?”

ఏం చెప్పను? బల్లి కోసం చేశానని చెప్పనా?

సరిగ్గా అప్పుడే సిలిండరు వెనక నుంచి ఒక బొద్దింక బయటికొచ్చింది. సుక్కర్ తల ఎత్తింది. ఇన్నాళ్ళూ మూలిగిన బల్లి నాలుగు కాళ్ళ మీద లేచి, తోక కొస వణికించి, ఒక్క దూకు దూకింది. రెండు సార్లు నమిలి బొద్దింకను మింగేసింది. మింగి నాకేసి చూసి, షరా మామూలే, నవ్వింది.

నాకు ప్రాణం చచ్చిపోయింది. నెయ్యి వేసి, అల్లం వేసి, మిరియాలు చల్లి పెడితే వద్దన్నది నా వంటగదిలోనే ఉప్పూ కారమూ లేని బొద్దింకను పచ్చిగా తింటుందా! కదిలితే తప్ప అది దేన్నీ తిండిగా లెక్కచేయదని అప్పుడు తెలిసింది. ఇంకో మాటేమిటంటే, అంత శుభ్రంగా ఉంచే నా వంటగదిలో బొద్దింక ఉందని కూడా అప్పుడే తెలిసింది. ఏది ఎక్కువ అవమానమో నేనిప్పటికీ తేల్చుకోలేదు.

అంతలో మామా కబీర ఖాళీ పళ్ళెం చాచింది. “జైన్, వాజిద్ జైన్,” అంది, అంటే బాగుంది, చాలా బాగుందని. “ఇంకొంచెం చేసి తీసుకురా.”

అప్పటి నుంచి ఇద్దరూ తిన్నారు. సుక్కర్‌కు కదిలేవి, మామా కబీరకు వేయించినవి. డబ్బా ఖాళీ అయితే నర్సయ్య అల్ షహానియా వెళ్ళి, ఒంటెలకు వేసే పచ్చగడ్డి మోపుల్లోంచి మిడతలు పట్టుకొచ్చేవాడు. “ఇగో చెల్లె, మస్తు కూరగాయలు దెచ్చిన” అని సంచి నా చేతికిచ్చి, ఒక్క క్షణం ఆగకుండా పోయేవాడు. ముసలావిడ బుగ్గలు నిండాయి, బల్లి తోక నిండింది. సెలవుకు పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను.

లండన్ నుంచి వాళ్ళు దిగిన రోజు మేడం అత్తగారిని చూసి నమ్మలేకపోయింది. నూరా బల్లిని ముద్దులాడుతూ మెచ్చుకుంది. అప్పుడే, నేను చెయ్యి అడ్డం పెట్టేలోగా, మేడం అత్తగారి పళ్ళెంలోంచి ఒక గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకుంది. తల్లిని చూసి నూరా కూడా తీసుకుంది. నర్సయ్య సూటుకేసులు అక్కడే వదిలేసి బయటికి నడిచాడు.

“చాలా బాగుంది! ఏమిటిది?” అంది మేడం. “ఎలా చేశావో చెప్పు. నువ్వు ఊరెళ్ళాక వేరే మనిషితో చేయిస్తాను.”

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. “బొరుగులు, మిరపకాయ, కరివేపాకు...”

“ఇంకా?”

“ఇంకా... చిన్న రొయ్యలు, మేడం.”

అంతే, ఆ అబద్ధమే నా కొంప ముంచింది. ఆ మర్నాడే మేడం దగ్గరుండి రొయ్యలతో చేయించింది. మామా కబీర ఒక్కటి కొరికి పళ్ళేన్ని తోసేసింది. “ఇది కాదు. మంగ చేసేది కావాలి. లేకపోతే నాకు తిండే వద్దు.”

మేడం నన్ను పిలిచింది. “మంగా, నువ్వు చేస్తే తప్ప ఆవిడ తినడం లేదు. నిన్ను ఇప్పుడెలా పంపను? రజా తర్వాత చూద్దాం.”

విన్నారా? బల్లి తినలేదని సెలవు పోతుందని వణికాను. చివరికి ముసలావిడ తింటోందని పోయింది! కొడుకు కోసం కొన్న చిన్న చెప్పులు పెట్టెలో కనబడ్డాయి. ఇంకో ఏడాది ఆగితే అవి వాడి కాలికి పట్టవు. దుఃఖం ఆగలేదు. వెళ్ళి మేడం ముందు నిలబడి, ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

“మేడం, అవి రొయ్యలు కావు. నూరా ఇచ్చిన డబ్బాలోని పురుగులు. అవైపోయాక ఒంటెల గడ్డిలో మిడతలు.”

మేడం చెయ్యి నెమ్మదిగా నోటి మీదికి వెళ్ళింది. నూరా మొహం తెల్లబోయింది.

“నువ్వు... సుక్కర్‌కు వండిపెట్టావా?”

“అవును నూరా. దానికి నచ్చలేదు.”

“దానికి రుచి తెలియదు!” వెనక నుంచి మామా కబీర గొంతు. నవ్వీ నవ్వీ ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. “నేను తిన్న మొదటిరోజే డబ్బా మూత తీసి చూశాను. ఇంతింత కాళ్ళున్న రొయ్యలు ఏ సముద్రంలో ఉంటాయే కోడలా?”

మేడం బాత్రూములోకి పరుగెత్తింది. ఎప్పటికో బయటికి వచ్చి, నాకేసి చూడకుండానే కేక పెట్టింది. “నర్సయ్యా! మంగకు టికెట్ తీసుకురా. రేపటికే! యల్లా, తొందరగా!”

తర్వాత చూద్దామన్న సెలవు అలా ఒక్క నిమిషంలో వచ్చింది. పెట్టె మూత మేడమే స్వయంగా మూసింది. ‘తిరుగు టికెట్ ఉందా మేడం?’ అని అడగడానికి నాకు నోరు రాలేదు. నా బదులు మామా కబీర చేతికర్రతో నేల మీద కొట్టి అడిగింది. ఉందని చెప్పేదాకా గావా కూడా ముట్టనంది.

ఊరికెళ్ళి నా కొడుకు ముందు నిలబడితే వాడు మా అమ్మ చీర వెనక దాక్కుని, చాలాసేపు నన్ను చూసి, బెదురుతూ బెదురుతూ నా దగ్గరికొచ్చాడు. ఎత్తుకోగానే అడిగిన మొదటి మాట “తినేకి ఏం దెచ్చినావు?”

కనుక చదువుతున్న మీరందరూ సాక్షులుగా, పొయ్యి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నాలుగు కాళ్ళున్న దేనికీ వండి పెట్టను. పెట్టినా తాలింపు వెయ్యను. తాలింపు వేసినా మూత పెట్టకుండా పక్కకు పోను. ఇన్నీ తప్పి ఎవరైనా తిని ‘బాగుంది, ఏమిటిది?’ అని అడిగితే, రొయ్యలని మాత్రం చచ్చినా చెప్పను.