ఓర్లిన్ చెయ్యి చాచిన చివరి ముక్క

మా ఊళ్ళో జులై నాలుగున జరిగే అమెరికా స్వాతంత్ర్యదిన ఊరేగింపు ఏటా ఒకే వరుసలో సాగుతుంది. అన్నిటికన్నా ముందు పైకప్పు లేని ఎర్ర కారు. దాని వెనక బడిపిల్లల బ్యాండు. ఆ వెనక ఆరు గుర్రాలు. గుర్రాల వెనక పార, బక్కెట్టు పట్టుకుని ఓర్లిన్ హాగ్‌స్టాడ్. ఆయన వెనక మేయరు, తక్కిన ఊరు. గుర్రాలు రోడ్డు మీద వదిలినదాన్ని ఓర్లిన్ ఎత్తి బక్కెట్లో వేస్తాడు, ఊరు జెండాలు ఊపుకుంటూ శుభ్రంగా నడిచి వెళుతుంది. ఇరవై రెండేళ్ళు ఇదే తంతు.

ఆ ఉద్యోగం ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. అంతకుముందు చేసిన పెద్దాయనకు నడుం పట్టేస్తే, ఊరి సభలో "ఎవరైనా ముందుకొస్తారా?" అని అడిగారు. మిన్నెసోటాలో ఇలా అడిగితే అందరూ తలలు వంచి బూట్లు చూసుకుంటారు. ఆ నిశ్శబ్దంలో పాపం ఓర్లిన్‌కు దగ్గొచ్చింది. దాన్నే ఒప్పుకోలుగా రాసేసుకున్నారు. "నేను ఒప్పుకోలేదండీ, దగ్గానంతే" అని చెప్పడానికి ఆయనకు మొహమాటం అడ్డొచ్చింది.

నా పేరు వెర్న్. మెయిన్ స్ట్రీట్‌లో హార్డ్‌వేర్ కొట్టు నాదే. ఆ పార కూడా మా కొట్టులోదే కాబట్టి ఈ పాపంలో నాకూ కాస్త వాటా ఉంది.

ఓర్లిన్ పాల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు వెన్నపెట్టెలు మోశాడు. బడి చదువు అంతంతమాత్రం. కానీ దేశాన్ని స్థాపించిన పెద్దల గురించి లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ నమిలి మింగేశాడు. వాళ్ళలో ఎవరికి పంటినొప్పి, ఎవరికి ఎవరంటే పడదు, ఎవరు ఏ పూట ఏం తిన్నారు, అన్నీ చెబుతాడు. అడక్కపోయినా చెబుతాడు. ఆయన భార్య మైర్టిస్ ఒకసారి మా కొట్లో మేకులు కొంటూ అంది:

"నా పుట్టినరోజు ఎప్పుడో మా ఆయనకి తెలీదు వెర్న్. రెండొందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళ పెళ్ళిరోజులు మాత్రం గడగడా ఒప్పజెబుతాడు."

ఇంత తెలిసిన మనిషికి జీవితంలో ఉన్న కోరిక ఒక్కటే. చచ్చేలోగా ఒక్కసారైనా గుర్రాలకు ముందు వెళ్ళాలి.

దానికి దారి కూడా ఒక్కటే. ఏటా పండక్కి వారం ముందు మా ఊరి వారపత్రికలో దేశం పెద్దల మీద ఒక పొడుపుకథ వేస్తారు, ప్రాసలు కుదిర్చి మరీ. దాన్ని విప్పితే ఊళ్ళో ఇత్తడి పతకం ఎక్కడ దాచారో తెలుస్తుంది. పతకం దొరికినవాళ్ళు ఎర్ర కారెక్కుతారు. ఎవరికీ దొరక్కపోతే మేయరు ఎక్కుతాడు. అందుకే మా మేయరు డెల్బర్ట్ క్వామ్‌కు పతకాల వేట మీద అంత చిన్నచూపు.

ఓర్లిన్‌కు ఒక్కసారి కూడా దొరకలేదు. తెలియక కాదు, మరీ ఎక్కువ తెలిసి! ఒక ఏడు పొడుపుకథలో చెక్కపళ్ళ పెద్దమనిషి, అంటే దేశం మొదటి అధ్యక్షుడు వచ్చాడు. ఊరంతా పళ్ళడాక్టరు గుమ్మం వైపు పరిగెత్తింది. ఓర్లిన్ మాత్రం, "ఆ పళ్ళు చెక్కవి కావర్రా! ఏనుగుదంతంతో చేసినవి. పొడుపుకథే తప్పు" అని పత్రికకు నాలుగు పేజీల ఉత్తరం రాస్తూ కూర్చున్నాడు. ఉత్తరం పూర్తయ్యేసరికి, ఆ డాక్టరు గుమ్మం ముందు పూలకుండీలోంచి పతకం తీసుకుని క్షౌరశాల బెర్నెట్ కారెక్కేసింది. బెర్నెట్ జన్మలో ఒక్క పుస్తకం తెరిచిన మనిషి కాదు.

ఈ ఏడు పత్రిక మూసేస్తున్నామని సంపాదకురాలు రోజలీ ప్రకటించింది. న్యూజెర్సీ నుంచి కోడలిగా వచ్చి నలభై ఏళ్ళయినా, ఇప్పటికీ మనసులో మాట మొహం మీదే అనేసే మనిషి. ఆవిడంటే మాకందరికీ గౌరవమే, కాస్త దూరంగా ఉండి. పత్రిక లేకపోతే పొడుపుకథ లేదు. అంటే ఓర్లిన్‌కు ఇదే ఆఖరి అవకాశం. ఆ ఆఖరి పొడుపుకథ ఇది:

యాభై ఆరుగురు పెద్దలు కలిసి
వేసవి ఉక్కలో తలుపులు మూసి
రాజుగారికి చీటీ రాసి
సంతకాలెట్టిరి తెగువే చేసి.
ముందటివాణ్ణి మెచ్చిరి చూసి,
చివరివాడెవడో పోయిరి మరిచి.
చివరిదానికి చెయ్యే చాచి
అడుగున చూడు, సిగ్గే విడిచి.

పత్రిక వచ్చిన అరగంటకే ఓర్లిన్ మా కొట్లో ఉన్నాడు.

"చివరివాడెవడో నాకు తెలుసు వెర్న్! స్వాతంత్ర్య ప్రకటన మీద అందరూ సంతకాలు పెట్టేసిన ఎన్నో నెలలకి తీరిగ్గా వచ్చి పెట్టాడు. అసలు మిగతావాళ్ళు కూడా చాలామంది పెట్టింది జులైలో కాదు, ఆగస్టులో. ఆ సంగతి నీకు తెలుసా?"

"పార కావాలా ఓర్లిన్?"

"కావాలి."

ఇక వారం రోజులు ఊరికి కాళ్ళు నిలవలేదు. చివరివాడంటే శ్మశానంలో చివరి సమాధి అన్నాడు ఓర్లిన్. తవ్వారు. చివరి వీధిలో చివరి కంచెగుంజ అన్నాడు. పీకారు. ఆయన చెప్పేది తప్పని, వెంట వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు, ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. మరీ ఒత్తిడి చేస్తే "నీ ఆలోచన వేరేగా ఉంది ఓర్లిన్" అన్నారు. మా వైపు "వేరేగా ఉంది" అంటే బూతు తిట్టినదానికన్నా ఎక్కువ. నాకు మాత్రం తొమ్మిది పారలు అమ్ముడుపోయాయి.

జులై నాలుగు వచ్చింది. ఊరేగింపు రెండింటికి. పన్నెండింటికి చర్చి నేలమాళిగలో అలవాటు ప్రకారం ఊరందరి భోజనం, ఎవరింటి వంట వాళ్ళు తెచ్చుకుని అందరికీ పెట్టుకునేది. మేయరు కొత్త తెల్లబూట్లు తొడుక్కొచ్చి, ఓ మూల గోడకేసి చెయ్యి ఊపడం సాధన చేస్తున్నాడు. ఓర్లిన్ బంగాళదుంపలు, మాంసం కలిపి ఓవెన్‌లో కాల్చిన హాట్‌డిష్ ముందు పెట్టుకుని చెంచా ముట్టలేదు.

"పోనీలే, ఇంటికెళ్ళి కాస్త పడుకో. పార నేను తెచ్చిస్తాలే" అంది మైర్టిస్. ఆ మాటతో ఆయన మొహం ఇంకా వాడిపోయింది. చూడలేక నేను మిఠాయిల బల్ల దగ్గరికి నడిచాను.

అక్కడ రోజలీ చేసి తెచ్చిన నిమ్మకాయ కేకు పళ్ళెంలో ఒక్క ముక్క మిగిలింది. నాకు నోరూరింది. అయినా మర్యాద తెలిసినవాణ్ణి కనుక సగం కోసుకుని సగం ఉంచాను. నా తర్వాత పాస్టరు భార్య ఆ సగంలో సగం కోసుకుంది. ఆవిడ తర్వాత బెర్నెట్ ఆ పావులో సగం. పన్నెండున్నరకు అది అగ్గిపెట్టెంత ఉంది, ఒంటిగంటకు బొటనవేలి గోరంత. మాలో చివరి ముక్క ఎవరూ తియ్యరు, దాని వంక తేరిపార చూడరు కూడా.

ఓర్లిన్ చూశాడు. దుఃఖంలో ఉన్న మనిషి కదా, చూపు ఎక్కడ పడితే అక్కడ ఆగిపోతుంది. ఆ గోరంత ముక్క పళ్ళెంలో తిన్నగా కూర్చోలేదు. దాని కింద రేకు కాగితం కాస్త ఉబ్బి ఉంది.

"మైర్టిస్," అన్నాడు. "చివరిది. అడుగున. సిగ్గు విడిచి."

ఆమె పళ్ళెం వైపు చూసింది. నెత్తురు చుక్క లేదు మొహాన.

"వద్దు ఓర్లిన్! వందమంది ఉన్నారిక్కడ."

"ఉంటే? ఏమంటారు?"

"ఏమీ అనరు. నా భయం అదేగా!"

ఓర్లిన్ లేచాడు. బల్ల దగ్గరికి నడవడానికి పది అడుగులు, ఆ పది అడుగులకు ఆయన చొక్కా తడిసిపోయింది. అప్పుడే మేయరు కూడా కత్తి పట్టుకుని అటే వచ్చాడు.

"తీసుకో ఓర్లిన్, తీసుకో" అన్నాడు మేయరు.

"అబ్బే, మీరు తీసుకోండి" అనేసింది ఓర్లిన్ నోరు. డెబ్బై ఏళ్ళ అలవాటు, ఆయన ప్రమేయం ఏముంది? అన్నాక ఆయనే ఉలిక్కిపడ్డాడు.

"నాకెందుకయ్యా, కడుపు నిండిపోయింది. నువ్వే తీసుకో" అంటూ మేయరు ఆ గోరంత దాన్ని సగం కొయ్యడానికి కత్తి దించాడు.

"సరే అయితే" అన్నాడు ఓర్లిన్.

ఆ నేలమాళిగలో అలాంటి మాట ఎవరూ విని ఎరగరు. ఓర్లిన్ ఆ ముక్క తీసి, వందమంది చూస్తుండగా నోట్లో వేసుకుని, నమిలి, మింగాడు. తర్వాత రేకు కాగితం ఎత్తాడు. ఇత్తడి పతకం తళతళలాడుతోంది.

వంటగది గుమ్మంలోంచి రోజలీ నవ్వింది. "నలభై ఏళ్ళు చూశానర్రా, మీరు కేకుల్ని పిండి చేసి చంపడం! ఒక్క మగాడు దొరికాడు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాసేపటికి పాస్టరు భార్య నెమ్మదిగా, "ఇదీ… వేరేగా ఉంది" అంది. మైర్టిస్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా మొగుడి పక్కనే నిలబడింది, కదల్లేదు.

రెండింటికి ఎర్ర కారు బయల్దేరడానికి సిద్ధమైంది. వెనక సీట్లో ఓర్లిన్, మైర్టిస్. అగ్నిమాపక కేంద్రం గోడకు పార ఆనించి ఉంది, పక్కన బక్కెట్టు.

"ఎవరైనా ముందుకొస్తారా?" అన్నారు.

అందరం బూట్లు చూసుకున్నాం.

"మీరు తీసుకోండి" అన్నాడొకాయన.

"అయ్యో, మీరుండగా నేనా!" అన్నాడు ఇంకొకాయన.

నాకు గొంతులో దగ్గొచ్చింది. మింగేశాను. అబద్ధమెందుకు, మింగేశాను.

బ్యాండు మోగింది, కారు కదిలింది. బ్యాంకు దాటుతుండగా రెండో గుర్రం తన పని తాను కానిచ్చింది. బ్యాండు మోతలోనూ ఆ చప్పుడు పసిగట్టి, ముందున్న కార్లో ఓర్లిన్ తల తిప్పాడు. ఇరవై రెండేళ్ళుగా విని ఎరిగిన చప్పుడు. ఆయన సగం లేచాడు, పక్కన లేని బక్కెట్టు కోసం కుడిచెయ్యి తడుముకుంది. ఇక ఆయనే దిగి ఎత్తుతాడని రోడ్డుకు రెండు వైపులా నిలబడ్డవాళ్ళ మొహాల్లో ఎంత నిశ్చింత వచ్చిందో చూసి నాకు ఒళ్ళు మండింది. నా మొహంలోనూ అదే ఉండి ఉంటుంది, అందుకు ఇంకా మండింది.

మైర్టిస్ ఆయన కోటు పట్టుకుని గట్టిగా లాగింది.

"కూర్చో. చెయ్యి ఊపు."

ఓర్లిన్ కూర్చున్నాడు. కళ్ళనీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు, చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

వెనక మేయరు నవ్వు మొహంతో, తల పైకెత్తి, జనానికి చేతులూపుతూ నడిచొస్తున్నాడు. కింద ఏముందో చూసుకునే అలవాటు ఆయనకు లేదు. కొత్త తెల్లబూటు మెత్తగా దిగబడింది.

"ఎలా ఉంది డెల్బర్ట్?" అని కాలిబాట మీంచి అరిచింది రోజలీ.

మేయరు కాసేపు బూటు వంకే చూశాడు.

"వేరేగా ఉంది" అన్నాడు.